అప్పాయమ్మ వావిలి కంచె

దువ్వాడ,
12-6-1983

తమ్ముడు జగ్గారావుని వాళ్ళప్ప అప్పాయమ్మ దీవించి రాస్తన్నది. ఈసారి కార్డు కాదు, ఇన్లాండు కవరే కొన్నాను. కార్డయితే పోస్టుమేను కూడా చదువుతాడు. మొన్న రేడియోలో మీ తగరపువలస వైపు గాలివాన అన్నారు. మీ పాక కప్పు లేచిపోయినట్టు నాకు కలొచ్చింది. లేచిపోలేదు కదా? నువ్వూ జోగమ్మా బాగున్నారా? ముందు అది రాయి.

ఇక్కడ మా బాధ దుమ్ము. స్టీలు ప్లాంటు కడతన్నారు కదా, మా ఇంటి ముందు మట్టిరోడ్డు మీద తెల్లారింది మొదలు కంకర లారీలే. అన్నం వడ్డించుకుని మూత తీసేలోపు అన్నం ఎర్రబడిపోతంది. మనవరాలు రత్నానికి దగ్గు తగ్గలేదు. ఏడేళ్ళ గుంట. పడుకుంటే గొంతులో పిల్లికూత. డాక్టరుబాబు దుమ్ము తగలనివ్వొద్దన్నాడు. తగలకుండా ఎక్కడ దాస్తాను, బియ్యం డబ్బాలోనా?

మా గురునాథం ఏటన్నాడో తెలుసా? "దసరా దాకా సూత్తానమ్మా. అప్పటికీ తగ్గకపోతే హాస్టల్లో ఏసేత్తాను" అన్నాడు. పక్కింటి యేసుదానం గారి అక్క కొండల వైపు ఎక్కడో ఆడపిల్లల హాస్టల్లో పెద్దట. అక్కడ గాలి మంచిదట. ఆయన మంచికే చెప్పేడు, కాదన్ను. కానీ అది తల్లి లేని పిల్ల. దాని తల్లి పోయింది, తరవాత తెచ్చుకున్న పిల్లా ఏడాది తిరక్కుండా కామెర్లతో పోయింది. ఇంక హాస్టలంటే దానికి తల దువ్వేదెవరు, దగ్గొచ్చినప్పుడు వీపు రాసేదెవరు?

అందుకని రోడ్డుకీ ఇంటికీ నడుమ ఉన్న కాస్త జాగాలో పచ్చటి అడ్డు లేపాలనుకున్నాను. గురునాథం మద్దిలపాలెం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని క్రోటన్లు తెచ్చేడు, గులాబీలు తెచ్చేడు. కొన్ని మాడిపోయేయి. మిగిలినవి మేక తినీసింది. నిన్న స్టేషను దారిలో చూసేను కదా, పట్టాల పక్క కంకరలో జిల్లేడూ వావిలీ నిలబడి ఉన్నాయి. ఎవడూ నీళ్ళు పొయ్యలేదు. దుమ్ము నెత్తిన పోసుకుని మరీ పూస్తన్నాయి. మేకలు పక్కనుంచే పోయేయి గానీ మూతి పెట్టలేదు. ఈ నేలకి అలవాటైనవాటిని ఒగ్గేసి ఎక్కడెక్కడి మొక్కల్నో తెచ్చి బతకమంటే ఎలాగ బతుకుతాయి? ఆ పట్టాల దగ్గరదే పెకలిద్దామంటే రైల్వే వాళ్ళు పట్టుకుంటారేమోనని భయం.

ముందుగా ఒక తెల్లజిల్లేడు మొక్క పంపు. అది నిలబడితే మిగతావి చూద్దాం. గురునాథానికి మాత్రం తెలియనీకు. స్మశానం మొక్కని ఇంటి ముందు పెడతావా అని వద్దంటాడు. నాటేసేక చెప్పుకుందాం. ఊళ్ళో కూడా ఎవరితోనూ అనకు.

కప్పు సంగతి మరవకుండా రాయి.
అప్పాయమ్మ


తగరపువలస దగ్గర, మనూరు,
20-6-1983

అప్పకి జగ్గారావు దండాలు. పాక కప్పు ఉన్నచోటే ఉంది. నీ కలలో లేచింది కాబట్టి నువ్వే దింపు.

నీ ఉత్తరం జోగమ్మకి చదివి వినిపించేను. "మీయప్ప ఎంత గుట్టు మనిసండీ" అని బుగ్గ నొక్కుకుంది. నువ్వు విప్పి రాయకపోయినా మాకు తెలిసింది అప్పా. గుంటని సాకడం నీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

తెల్లజిల్లేడు మన ఏటిగట్టు మీద ఉంది. కొమ్మ విరగనిది చూసి గుర్తు పెట్టేను. పంతులుగార్ని అడిగితే వచ్చే నెల పదిహేడు, ఆదివారం హస్తా నక్షత్రం, జిల్లేడుకి అంతకన్నా మంచిరోజు లేదన్నారు. ఆ పొద్దున్న కుండలో పెట్టుకుని నానే తెస్తాను. నాతో మరో ముగ్గురొస్తారు. భోజనాలు నీ దగ్గరే. గురునాథం ఆ రోజు ఎక్కడికీ పోకుండా చూసుకో, చాలు. మిగతాది నాకొగ్గేయ్.

ఎవరితోనూ అనలేదు. జోగమ్మ కూడా అనలేదు, అంటే దాని లెక్కలో అనలేదు.
తమ్ముడు జగ్గారావు


దువ్వాడ,
1-7-1983

జగ్గడికి అప్ప ఆశీస్సులు. కప్పు నిలబడ్డందుకు నూకాలమ్మకి దండం పెట్టుకున్నాను.

మొక్క నాటడానికి పంతులుగారెందుకో నాకు బోధపడలేదు. పోనీ, పెద్దలు చూసిన రోజుకి నాటితే మంచిదే. ఒక్క మొక్కకి నలుగురు మనుషులేటి నాయినా? నువ్వు చిన్నప్పట్నుంచీ ఇంతే, ఆనపకాయ కొయ్యడానికి నిచ్చెన అడిగేవాడివి. అయినా వస్తే మంచిదే. ఇక్కడ నేల రాయిలాగ ఉంది, గొయ్యి వాళ్ళ చేత తవ్విద్దాం. పార ఇంట్లో ఉంది. చేపల పులుసు పెడతాను. వాళ్ళు తింటారా? ముళ్ళు లేని చేప ఏదో చూస్తాను. ఎవరి గొంతులోనైనా గుచ్చుకుందంటే ఈ కాలనీలో డాక్టరు కూడా లేడు.

రత్నం నిన్న బళ్ళో దగ్గి దగ్గి కూలబడిపోయిందట. ఆ మొక్క బేగి తే.
అప్పాయమ్మ


దువ్వాడ,
18-7-1983

జగ్గారావుకి,

తమ్ముడని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏటి చేసేవురా నువ్వు?

గొయ్యి తవ్వడానికొచ్చిన మనిషనుకుని ఆ కొండలరావు గారి చేతికి పార ఇచ్చేను. పెళ్ళికూతురి అన్నగారి చేతికి పార! ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, "ఎక్కడ తవ్వమంటారండీ" అని అడిగేడు పాపం. వాళ్ళమ్మగారు నన్ను పై నుంచి కింద దాకా చూసింది. అప్పుడే గురునాథం కుళాయి దగ్గర్నుంచి తుండు కట్టుకుని వచ్చేడు. కుండకి పసుపు రాసి ఉంది, మొక్కకి పసుపుతాడు చుట్టి ఉంది. "మామ్మా, మొక్కకి తాళెందుకే?" అని రత్నం అడుగుతంది. నువ్వేమో పళ్ళికిలించి, "ఇద్దరు పోయినోడు మూడో పెళ్ళికి ముందు జిల్లేడుకి తాళి కట్టాల్రా అల్లుడా, గండం దానికి పోద్ది" అంటన్నావు. ఎవరి పెళ్ళిరా? ఎవరడిగేరు నిన్ను?

గురునాథమేమో కుండెత్తి రోడ్డు మీద పెట్టేసేడు. లారీ వచ్చింది. అంతే.

మీరు వడ్డించిన విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయేరు. చేపల పులుసు యేసుదానం గారింటికి పంపీసేను. ఆ తరవాత గురునాథం నాతో అన్న మాట విను. "నా కూతురికి సవతితల్లిని తేడానికి నువ్వూ మావయ్యా సాటుగా ఉత్తరాలు రాసుకుంటన్నారా? ఇంక దసరా దాకా ఎందుకు? వచ్చే నెల్లోనే హాస్టల్లో సేర్పించేత్తాను" అన్నాడు. నాను పిల్లని ఉంచుకుందామని మొక్క అడిగితే, నువ్వు పిల్లని నా నుంచి ఇంకా ముందుగా లాగీసేవు.

ఆ అమ్మాయి గౌరీశ్వరిది మాత్రం తప్పు లేదు. వెళ్తా వెళ్తా రత్నం చెయ్యి పట్టుకుని, "జిల్లేడు పాలు కంట్లో పడితే కళ్ళకి ప్రమాదం పాపా, ముట్టుకోకు" అంది. ఆ మాట విన్న కాణ్ణుంచి నాకు ముద్ద దిగడం లేదు. దగ్గు మాన్పాలని తెచ్చుకుంటే కళ్ళకి ఎసరొచ్చేదా?

నాకు జవాబు రాయకపోయినా పరవాలేదు. మీ బస్సు క్షేమంగా చేరిందో లేదో మాత్రం రాయి.
అప్పాయమ్మ


మనూరు,
25-7-1983

అప్పకి,

బస్సు చేరింది. మనుషులే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దిగేరు.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివేను. రెండు పెళ్ళిళ్ళయినోడి తల్లి "తెల్లజిల్లేడు పంపు, కొడుక్కి తెలియనీకు, ఊళ్ళో అనకు" అని రాస్తే ఏ తమ్ముడైనా ఏటనుకుంటాడు? ఊరంతా జిల్లేడే ఉంటే దుమ్ముకి అడ్డం పెట్టడానికి అడిగేవని ఎవడికి తోస్తాది? దుమ్ముకైతే ఒక్క మొక్కెందుకు, పదడుగు. నీ కొడుకు ఇల్లు నిలబడాలని తిరిగేను. చెప్పులరిగేలా తిరిగి సంబంధం చూసేను. మెచ్చుకోలు అక్కర్లేదు, పార మాత్రం ఇవ్వకుండా ఉండాల్సింది. కొండలరావు ఇప్పుడు సంతలో కనిపిస్తే పదిమందిలో "పార తెచ్చేవా బావా" అని అరుస్తన్నాడు. నాను ఆ వైపు కూరగాయల కొట్లకి వెళ్ళడం మానీసేను.

"మీయప్పకి తమ్ముడి పరువు కన్నా మొక్కే ఎక్కువ" అంది జోగమ్మ. కాదనలేకపోయేను.

ఇంక నన్ను మొక్కలడక్కు.
జగ్గారావు


దువ్వాడ,
1-8-1983

తమ్ముడు జగ్గారావుకి అప్ప రాస్తన్నది.

అడుగుతాను. నాకు మరో తమ్ముడు లేడు.

కొండలరావు గారికి పార ఇచ్చినందుకు నా తరఫున తప్పని చెప్పు. చెప్పేటప్పుడు నవ్వకు.

గురునాథంతో తేల్చుకున్నాను. వాడు డ్యూటీకి సైకిలు తీస్తంటే చక్రం పట్టుకున్నాను. "ఒరే, నాకు నీ పెళ్ళి అక్కర్లేదు, నీ కూతురి ఊపిరి కావాలి. దసరా అన్నావు. మగాడివి, అన్నమాట మీద దసరా దాకా నిలబడు" అన్నాను. ఏటనుకున్నాడో, "సరే, సక్రం ఒగ్గు, టయిమైపోతంది" అన్నాడు. ఒగ్గేను.

ఇప్పుడు మొక్కల సంగతి. నాకు నిద్ర లేదు, ఒక్కొక్కదాన్నే తలుచుకుంటన్నాను. మునగయితే బేగి లేస్తాది గానీ గొంగళిపురుగులు. ఒకటి ఎగిరొచ్చి రత్నం మెడ మీద పడితే? మొగలి పొదలోకి పాములొస్తాయి. గన్నేరు ఎంత దుమ్మైనా ఓర్చుకుంటాది, మేక తినదు, కానీ కాయ నోట్లో పెట్టుకుంటే పిల్ల దక్కదు. జిల్లేడు మాట ఇంక ఎత్తను. నేరేడయితే పిల్ల ఎక్కి జారుతాది. రేగు ముళ్ళు. వేప మంచిదే, ఒక మూల ఒక్కటి చాలు, లేకపోతే వేరు గోడలోకి పోయి ఇల్లు మా నెత్తి మీద పడుతుంది. "పిన్నిగారూ, ఇలా వడపోస్తే మీకు మిగిలేది పచ్చగడ్డే" అంది పక్కింటి పుష్పకుమారి. యేసుదానం గారి భార్య. గడ్డిలో తేళ్ళుంటాయి అన్నాను.

చివరికి మూడు మిగిలేయి. వావిలి, అడ్డసరం, కానుగ. వావిలి కొమ్మ గుచ్చితే బతుకుతాది. అడ్డసరం ఆకు దగ్గుకి కషాయమే కదా, మనమ్మ ఇచ్చేది, నువ్వు గోడ మీద ఉమ్మీసేవాడివి. ఈ రెంటినీ మేక వాసన చూసి పోతాది. కానుగ కాస్త నిదానం, కానీ లేచిందంటే ఆకు దట్టం. అది చిన్నగా ఉన్నన్నాళ్ళూ మేక తినకుండా చుట్టూ ముళ్ళకంప కట్టుకుంటాను. ఈ మూడూ మన నేలవే, ఎండా దుమ్మూ వాటికి కొత్త కాదు. గురునాథానికి కూడా చెప్పేసేను. ఈసారి చాటు లేదు. ఖాళీ అయిన క్రోటన్ల తొట్లు వాడే ఎత్తి పుష్పకుమారికి ఇచ్చేసేడు.

ముసురు పోకముందే పంపు. కోపం తరవాత పడు.
అప్పాయమ్మ


మనూరు,
9-8-1983

అప్పకి జగ్గారావు రాసేది.

కోపం తరవాత పడమన్నావు కాబట్టి దాచి పెట్టేను. గంగాలమ్మ రేపు కూరల గంపతో మీ వైపు వస్తంది. దాని చేతే ఈ ఉత్తరమూ, మోపుడు వావిలి కొమ్మలు, తడిగోనె చుట్టిన అడ్డసరం, కానుగ మొక్కలు పంపుతన్నాను. గంగాలమ్మ చేతికి పార ఇవ్వకు, అది పార వేసే మనిషి కాదు, నీ మీద విసిరే మనిషి.

రోడ్డు వైపు వావిలి వరస, లోపల అడ్డసరం, నడుమ నడుమ కానుగ పెట్టు. వావిలి కొమ్మ ఏటవాలుగా గుచ్చి, మన్ను కాలితో నొక్కు.

తిట్టనంటే ఒక మాట. చెట్టుకి దసరా తెలీదు అప్పా. అది దాని టయిముకే లేస్తాది.

గౌరీశ్వరికి భీమిలిలో సంబంధం కుదిరింది. మన కుండ వాళ్ళకే కలిసొచ్చింది.
జగ్గారావు


దువ్వాడ,
20-11-1983

తమ్ముడికి,

ఇన్నాళ్ళూ రాయలేదని కంగారు పడ్డావేమో. పడలేదంటే నువ్వు నా తమ్ముడివే కాదు.

ఒక్క కొమ్మ చావలేదు. వావిలి రత్నం భుజం దాకా వచ్చింది. దసరా వచ్చింది, వెళ్ళింది. వానలకి రోడ్డు తడిగా ఉండి పిల్లకి దగ్గు తగ్గింది, గురునాథం హాస్టలు ఊసెత్తలేదు. గెలిచేననుకున్నాను. ఇంటింటికీ తిరిగి అడ్డసరం కొమ్మలు పంచేను కూడాను.

కార్తీకంలో రోడ్డు ఆరింది. లారీలెంత ఎత్తుంటాయో నీకు తెలుసు, నా కంచె ఎంతుందో చెప్పేను. మొన్న మంగళవారం గుంటకి ఊపిరి అందక పెదాలు నీలంగా అయిపోయేయి. పెద్దాసుపత్రిలో పెట్టేం. నిన్న ఇంటికి తెచ్చేం. గురునాథం ఇంటికి రాగానే బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఒక్కొక్క వావిలాకూ చేత్తో కడగడం మొదలెట్టేడు. చొక్కా కూడా విప్పలేదు. వాణ్ణి అలాగ చూసి నాకు ఒకటి తెలిసింది. ఈ కంచె లేవాలంటే రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. పిల్ల ఊపిరి అన్నాళ్ళు ఆగదు. పిల్ల కోసం చెట్టు వేసేను గానీ, చెట్టు కోసం పిల్లని ఆపకూడదు.

నువ్వు తీసుకుపో. హాస్టలుకి పంపను, నీ దగ్గరికయితే పంపుతాను. మీ ఏటిగాలికి దుమ్ము లేదు. ఏటి దగ్గరికి ఒక్కర్తినీ పోనివ్వకు. నూతి మీద మూత ఉందా? లేకపోతే వేయించు. రాత్రి వేడినీళ్ళే తాగించు. జోగమ్మని జడ గట్టిగా వెయ్యొద్దను, తలనొప్పి దానికి.

నువ్వూ వచ్చీవచ్చు కదా అంటావు. నాను వస్తే వీటికి నీళ్ళెవరు పోస్తారు? ఇవి లేస్తేనే అది ఇంటికొచ్చేది. నాను ఇక్కడే ఉంటాను.
అప్పాయమ్మ


మనూరు,
25-11-1983

అప్పా,

వచ్చే శనివారం వస్తన్నాను. నూతికి మూత వేయించేను. జోగమ్మ గుంటకి గౌను కుట్టేసింది, కొలత తెలీక నాకు సరిపోయేంత కుట్టింది.

నువ్వు ఏడవకు. బస్టాండుకి రాకు. వస్తే నాను ఏడుస్తాను.
జగ్గారావు


మనూరు,
4-5-1986

అప్పకి జగ్గారావు దండాలు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేను. రత్నానికి పదేళ్ళొచ్చేయి. ఇక్కడి గాలికి ఆ పిల్లికూత ఏనాడో పోయింది. బళ్ళో పేరు తెచ్చుకుంది, ఏటిలో ఈత కూడా వచ్చింది. నువ్వు తిడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. వేసవిలో పంపించేయమని నువ్వు రాసిన కాణ్ణుంచి జోగమ్మ సరిగ్గా తినడం లేదు. మాకు పిల్లల్లేరని నీకు తెలుసు. పిల్లని ఇక్కడే ఉండనీ అప్పా. నువ్వూ గురునాథం వచ్చి చూసుకుపోతన్నారు కదా, అలాగే చూసుకుందురు.

కిందటేడు దీపావళికి తీసుకొస్తే రెండో రోజుకే గొంతు కూసింది. ఇప్పుడు దుమ్ము రావడం లేదంటన్నావు. అది నీ చెట్ల గొప్ప కాదు, తారురోడ్డు పడిందట. గురునాథమే చెప్పేడు. ఆ తారు ఎన్నాళ్ళుంటాదో ఎవరికి తెలుసు?

తిట్టు, పడతాను. కానీ కాస్త ఆలోచించు.
జగ్గారావు


దువ్వాడ,
15-5-1986

తమ్ముడు జగ్గారావుకీ, మరదలు జోగమ్మకీ అప్పాయమ్మ రాస్తన్నది.

ఉత్తరం చదివేక రెండు రోజులు నీ మీద పళ్ళు నూరేను. చెట్లు పెంచమని నన్ను ఇక్కడ కూర్చోబెట్టి, పిల్లని అక్కడ పెంచేసుకున్నారనుకున్నాను. తరవాత జోగమ్మ తలపుకొచ్చింది. వేరు పట్టిన మొక్కని పీకడం ఏటో నాకు తెలీదా? జోగమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ఈత నేర్పినందుకు మాత్రం ఉంది. అయిపోయేక చెప్పేరు కాబట్టి ఇంక భయపడటం కూడా దండగ.

తారు సంగతి నిజమే. మలుపు దాకా వేసేరు. మా ఇంటి ముందు సగం తారు, సగం మన్ను. లారీలు మన్ను మీదే దిగుతాయి. కానుగ ఇప్పుడు చూరు దాటింది. వావిలి కొమ్మలు గురునాథం చెయ్యెత్తినా అందవు. నువ్వు నమ్మకపోతే వచ్చి ఆకు తిప్పి చూడు. రోడ్డు వైపు ఆకు ఎర్రగా ఉంటాది, ఇంటి వైపు ఆకు పచ్చగా ఉంటాది. ఈ మధ్య పొద్దున్నే మంచం మీద చెయ్యి రాసి చూసుకుంటన్నాను. చెయ్యి తెల్లగానే వస్తంది. అయినా నాకే అనుమానం, మళ్ళీ రాస్తాను.

దీపావళికి నువ్వు తెచ్చినప్పుడు ఆ దగ్గు నా దుమ్ముదో, వీధిలో కాల్చిన టపాకాయల పొగదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలీనిదాని మీద పిల్లని నువ్వు ఉంచుకోనూ కూడదు, నాను లాక్కోనూ కూడదు.

అందుకని ఇలాగ చేద్దాం. ఆదివారం నువ్వూ జోగమ్మా పిల్లని తీసుకుని రండి. కిటికీ పక్క సీటులో కూచోబెట్టకు, చెయ్యి బయట పెడతాది. ఇక్కడే వారం ఉండండి. చాపలు ఉన్నాయి, దిళ్ళు పుష్పకుమారిని అడుగుతాను. గుంట మంచం రోడ్డు వైపు గదిలోనే వేస్తాను. నాను దాన్ని బతిమాలను. మీరు ఏడవకండి. ఎక్కడుంటావని ఎవరమూ అడగొద్దు, పదేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెట్టకూడదు. దాని ఊపిరే చెప్తాది. గొంతు కూసిందంటే నానే మీ ముగ్గుర్నీ బస్సెక్కించి, వావిలికి నీళ్ళు పోసుకుంటాను. కుయ్యకపోతే మాత్రం మీరిద్దరూ వెళ్ళండి, అది ఉంటాది.

లారీలు రాత్రీ పగలూ నడుస్తానే ఉన్నాయి. కిటికీ తీసే ఉంచుతాను.

మీ అప్ప
అప్పాయమ్మ